ఎవరు రావాలో ముందు మీరు తేల్చుకోండి

కార్డు చూపిస్తే తెరుచుకునే తలుపు పెట్టించాలనుకున్నవాళ్లు మొదట అడిగే ప్రశ్న ‘ఎంతవుతుంది?’ అని. రెండోది ‘ఏ కంపెనీది మంచిది?’ అని. రెండూ అడగాల్సినవే. అయితే వాటికి జవాబు చెప్పేది అమ్మేవాడు. తన దగ్గరున్న సరుకు గురించి అతను ఎంతసేపైనా చెప్తాడు. మీ గుమ్మం గురించి, అందులోంచి రోజూ వచ్చిపోయేవాళ్ల గురించి మాత్రం అతనికి ఏమీ తెలియదు. అది మీరే చెప్పాలి. అందుకని ఈ అధ్యాయంలో మీ మొదటి పని ఒక నోటుపుస్తకం తెచ్చుకోవడం.

ఐదంతస్తులు, నలభై ఫ్లాట్లు, కింద సెల్లార్ పార్కింగ్ ఉన్న అపార్ట్‌మెంట్‌ను ఉదాహరణగా తీసుకుందాం. హైదరాబాద్‌లో, విజయవాడలో, విశాఖలో ఇలాంటివి వీధికి నాలుగు కనిపిస్తాయి. పుస్తకంలో ఎడమవైపు తలుపులన్నీ రాయండి. మెయిన్ గేటు, పక్కనున్న చిన్న గేటు, సెల్లార్‌లోంచి లిఫ్టు దగ్గరకు వచ్చే తలుపు, టెర్రస్ తలుపు, కరెంటు మీటర్ల గది, లిఫ్టు మెషీన్ గది, అసోసియేషన్ ఆఫీసు. తర్వాత మనుషులు. ఓనర్లు, అద్దెకున్నవాళ్లు, ఊరి నుంచి వచ్చి నెల రోజులుండే అమ్మానాన్నలు, ఇంటి పనికి వచ్చేవాళ్లు, కార్లు తుడిచే కుర్రాడు, పాలవాడు, పేపరబ్బాయి, గ్యాస్ సిలిండర్ తెచ్చేవాళ్లు, లిఫ్టు మెకానిక్, సంగీతం టీచరు, డెలివరీ వాళ్లు. ఇందులో దాదాపు ఎవరికీ గుర్తురాని వాళ్లు వాచ్‌మన్ కుటుంబం. అందరికన్నా ఎక్కువసేపు ఆ బిల్డింగ్‌లో ఉండేది వాళ్లే, కమిటీ తయారుచేసే జాబితాల్లో కనబడనిదీ వాళ్లే. వాళ్ల చుట్టాలు పండక్కి వస్తే ఏ గేటులోంచి రావాలో కూడా రాసిపెట్టుకోండి.

ఒక్కొక్కరి ఎదురుగా నాలుగు విషయాలు నింపాలి: ఏ తలుపు, ఏ రోజుల్లో, ఏ వేళల్లో, ఎప్పటిదాకా. మొదటి మూడూ అందరూ నింపుతారు. నాలుగోది ఖాళీగా వదిలేస్తారు. ఈ వ్యవస్థలన్నీ నీరుగారేది ఆ ఖాళీ గడిలోనే. అద్దె ఒప్పందం పదకొండు నెలలకైతే కార్డు గడువూ పదకొండు నెలలే ఉండాలి. పెయింటింగ్ కాంట్రాక్టు మూడు వారాలకైతే మేస్త్రీ కార్డు ఇరవై రెండో రోజున దానంతటదే చచ్చిపోవాలి. ఇప్పుడు దొరికే చాలా కంట్రోలర్లలో గడువు తేదీ పెట్టే వీలుంది. వాడేవాళ్లే తక్కువ.

జాబితా పూర్తయ్యాక ఒకటి అర్థమవుతుంది. అన్ని తలుపులకూ ఎలక్ట్రానిక్ తాళం అక్కర్లేదు. లిఫ్టు మెషీన్ గదికి మంచి మామూలు తాళం, దాని చెవి ఎవరి దగ్గరుందో రాసే రిజిస్టరు చాలు. ఎక్కువమంది వచ్చిపోయే తలుపు, జాబితా తరచూ మారే తలుపు, ఎవరు ఎప్పుడు వచ్చారో తర్వాత చూసుకోవాల్సిన తలుపు, ఈ మూడు రకాల తలుపులకే ఖర్చు పెట్టండి. మన ఉదాహరణలో అవి చిన్న గేటు, సెల్లార్ తలుపు. అంతే.

ఇక లోపలి సంగతి. గోడ మీద కనబడే పెట్టెను రీడర్ అంటారు. దాని పని కార్డులోని నంబరును చదవడం వరకే. ఆ నంబరు జాబితాలో ఉందా, ఈ వేళలో రావచ్చా అని తేల్చేది కంట్రోలర్. తేల్చాక అది ఒక రిలేను కదిలిస్తుంది, రిలే తాళానికి వెళ్లే కరెంటును తెంపుతుంది లేదా కలుపుతుంది. తలుపు అంచున ఉండే చిన్న అయస్కాంతపు సెన్సరు, తలుపు నిజంగా మూసుకుందో లేదో చెప్తుంది. లోపలివైపు బయటకు వెళ్లడానికి ఒక ఎగ్జిట్ స్విచ్. ఇవన్నీ సాధారణంగా 12 వోల్టుల మీద నడుస్తాయి, వెనక ఒక పవర్ సప్లై, దానికో బ్యాటరీ.

చవక సెట్లలో రీడరూ కంట్రోలరూ ఒకే పెట్టెలో ఉంటాయి. వేలు పెట్టి హాజరు వేసే మెషీన్లు చాలావరకు ఈ రకమే. అటెండెన్స్‌కు అవి బాగానే పనికొస్తాయి. కానీ దాన్నే తలుపు బయట గోడకు బిగించి, తాళం వైర్లు దాని వెనక నుంచే తీస్తే, తాళాన్ని తెరిచే రిలే వీధిలో ఉన్నట్టే. స్క్రూడ్రైవరున్న ఎవరైనా పెట్టె ఊడదీసి వైర్లను చేరగలరు. పెట్టెలో టాంపర్ స్విచ్ ఉన్నా అది కూత పెడుతుంది తప్ప తాళాన్ని కాపాడదు. అందుకని బయట రీడర్ మాత్రమే ఉండాలి, కంట్రోలర్ లోపల తాళం వేసిన గదిలో ఉండాలి. కొటేషన్ చేతికొచ్చినప్పుడు ‘కంట్రోలర్ ఎక్కడ పెడతారు?’ అని అడగండి. ‘దాంట్లోనే ఉంటుంది సార్, ఆల్ ఇన్ వన్’ అని సంతోషంగా చెప్తే, ఆ కొటేషన్ వీధి గేటుకు పనికిరాదు. కనీసం లోపల విడిగా పెట్టే సెక్యూరిటీ రిలే అయినా చేర్చమనండి. తలుపు తెరిచే తుది ఆదేశం అప్పుడు గోడకు ఇవతలే ఉంటుంది.

రీడర్ నుంచి కంట్రోలర్‌కు నంబరు ఏ భాషలో వెళ్తుందన్నది కూడా అడగదగ్గదే. ఇప్పటికీ ఎక్కువచోట్ల వాడేది వైగాండ్ అనే పాత పద్ధతి. జాన్ వైగాండ్ అనే ఆయన కనిపెట్టిన ఒక ప్రత్యేకమైన తీగ గుణం మీద మొదటి కార్డులు నడిచాయి. ఆ కార్డులు దాదాపు పోయాయి, పేరూ పద్ధతీ మిగిలాయి. సాధారణంగా వాడే 26 బిట్ల రూపంలో సంస్థ కోడ్‌కు 8 బిట్లు, కార్డు నంబరుకు 16, తప్పులు పట్టడానికి 2. అంటే ప్రపంచమంతటికీ కలిపి ఉన్న సంస్థ కోడ్‌లు 256, ఒక్కో కోడ్ కింద కార్డు నంబర్లు 65,536. పక్క వీధి ఆఫీసు కార్డు, మీ కార్డు ఒకే నంబరుతో వచ్చే అవకాశం కథల్లోది కాదు. పైగా ఆ నంబరు తీగ మీద ఏ రహస్యమూ లేకుండా వెళ్తుంది. దీనికి బదులుగా వచ్చింది ఓఎస్‌డీపీ. అందులో సమాచారాన్ని గుప్తీకరించి పంపే వీలుంది, రీడరును ఎవరైనా తెంపితే కంట్రోలర్‌కు వెంటనే తెలుస్తుంది. 2020లో అది అంతర్జాతీయ ప్రమాణం కూడా అయింది. కొత్తగా పెట్టించేవాళ్లు దాన్నే అడగాలి. ఓఎస్‌డీపీ రీడర్ పెట్టి దాని గుప్తీకరణను ఆన్ చేయకుండా వెళ్లిపోయే ఇన్‌స్టాలర్లు ఉంటారు, అది కూడా కనుక్కోండి.

కార్డు విషయానికి వద్దాం. మన దగ్గర అపార్ట్‌మెంట్లకు, చిన్న ఆఫీసులకు ఎక్కువగా అంటగట్టేది 125 కిలోహెర్ట్జ్ ప్రాక్సిమిటీ కార్డు. దగ్గర పెట్టగానే తన నంబరును గట్టిగా చెప్పేస్తుంది, అడిగింది ఎవరన్నది దానికి పట్టదు. దాన్ని నకలు తీసే చేతిపరికరం ఆన్‌లైన్‌లో కార్లకు కొనే ఫోన్ స్టాండు ధరలో దొరుకుతుంది. సర్వెంట్ల కోసం ఒక కార్డు తీసుకున్న ఇంటివాళ్లు నాలుగు నకళ్లు చేయించుకున్నా మీ కంప్యూటర్లో ఒక్క కార్డే కనబడుతుంది.

13.56 మెగాహెర్ట్జ్ కార్డు అంటే సురక్షితం అని అమ్మేవాళ్లు చెప్తారు. సగం నిజం. ఆ జాతిలో అన్నిటికన్నా ఎక్కువగా అమ్ముడైన మైఫేర్ క్లాసిక్ 1994లో వచ్చింది. దాని రహస్య సంకేత పద్ధతిని పరిశోధకులు విప్పేశారు. నెదర్లాండ్స్‌లోని నైమేఖన్ విశ్వవిద్యాలయం వాళ్లు 2008లో ఆ వివరాలు ప్రచురించబోతే చిప్ తయారుచేసే ఎన్‌ఎక్స్‌పీ కంపెనీ కోర్టుకు వెళ్లింది. ప్రచురణను ఆపడానికి కోర్టు ఒప్పుకోలేదు. అంటే ఆ తాళం బలహీనమని పదిహేనేళ్లకు పైగా ప్రపంచమంతటికీ తెలుసు. అయినా 2024 మార్చిలో కొందరు పరిశోధకులు ఏం బయటపెట్టారో చూడండి: 131 దేశాల్లో దాదాపు 13,000 హోటళ్లలో, ఇతర భవనాల్లో ఉన్న, సాఫ్లాక్ అనే బ్రాండు తాళాలు బిగించిన ముప్పై లక్షల తలుపులను, అదే హోటల్లోని ఏదో ఒక పాత కార్డు చేతిలో ఉంటే తెరవవచ్చు. ఆ తలుపుల వ్యవస్థ మైఫేర్ క్లాసిక్ మీద ఆధారపడినదే. తయారీ సంస్థకు వాళ్లు 2022లోనే చెప్పారు. ఏడాదిన్నర తర్వాత కూడా మార్పులు చేసిన తాళాలు మూడో వంతుకు కొంచెం పైనే. తాళంలో లోపం కనిపెట్టడానికి నలుగురు చాలు, దాన్ని సరిచేయడానికి ప్రతి తలుపు దగ్గరకూ ఒక మనిషి వెళ్లాలి. మీ నలభై ఫ్లాట్లకు కార్డులు ఎంచుకునేటప్పుడు ఈ సంగతి మనసులో పెట్టుకోండి. మైఫేర్ క్లాసిక్ బదులు తీసుకోవాల్సిన డెస్‌ఫైర్ రకం కార్డు ఒక్కోదానికి కొంత ఎక్కువ పడుతుంది. ఆ తేడాను నలభై ఇళ్లకు పంచితే వినాయక చవితి చందా కన్నా తక్కువే వస్తుంది.

కార్డు పోతుంది, మర్చిపోతాం, వేలు ఎక్కడికీ పోదు కదా అని వేలిముద్రకు మొగ్గేవాళ్లు ఎక్కువ. ఆఫీసులో నీడపట్టున కూర్చుని పనిచేసేవాళ్లకు అది నడుస్తుంది. సిమెంటు కలిపే చేతులు, రోజూ గిన్నెలు తోమే చేతులు, డెబ్భై ఏళ్లు దాటిన చేతులు, వీటి గీతలు అరిగిపోయి ఉంటాయి. మెషీన్ ‘మళ్లీ ప్రయత్నించండి’ అని నాలుగుసార్లు చెప్తుంది. వెనక నిలబడ్డవాళ్లు విసుక్కుంటారు, చివరికి వాచ్‌మన్ లోపలి నుంచి బటన్ నొక్కుతాడు. అట్లా వారం గడిచేసరికి ఆ మనిషికి బటన్ నొక్కించుకోవడమే దారి అవుతుంది, మీ జాబితాలో ఆ మనిషి రాకపోకలే ఉండవు. యంత్రం గుర్తుపట్టనిది ఎప్పుడూ కష్టపడి పనిచేసే చేతుల్నే కావడం నాకు అన్యాయంగానే అనిపిస్తుంది. అలాంటివాళ్లకు కార్డు ఇవ్వండి. అందరికీ ఒకే పద్ధతి ఉండాలన్న పట్టుదల ఇక్కడ పనికిరాదు.

రెండో చిక్కు ఇంకా పెద్దది. కార్డు పోతే కొత్త నంబరు ఇస్తారు. వేలిముద్ర పోతే కొత్త వేలు ఎవరిస్తారు? 2018లో పెద్దపల్లి జిల్లాలో ఒకతను రిజిస్ట్రేషన్ శాఖ వెబ్‌సైటులో ఉన్న ఆస్తి దస్తావేజుల నుంచి బొటనవేలి ముద్రలు తీసుకుని, రబ్బరు స్టాంపు తయారీ పద్ధతిలో నకళ్లు చేసి, వాటితో సిమ్ కార్డులు యాక్టివేట్ చేస్తూ దొరికాడు. దానికి కావలసింది స్టాంపులు చేసే దుకాణంలో ఉండే సరంజామానే. 2019 ఆగస్టులో బయోస్టార్ 2 అనే తలుపుల వ్యవస్థకు సంబంధించిన డేటా ఇంటర్నెట్‌లో తాళం లేకుండా పడి ఉందని, అందులో పది లక్షలకు పైగా వేలిముద్రల సమాచారం ఉందని దాన్ని కనిపెట్టిన పరిశోధకులు ప్రకటించారు.

కనుక వేలిముద్ర గానీ ముఖం గానీ తీసుకోవాల్సి వస్తే రెండు షరతులు పెట్టండి. పూర్తి బొమ్మను దాచకూడదు, దాని నుంచి లెక్కగట్టిన టెంప్లేట్ మాత్రమే ఉండాలి, అదీ గుప్తీకరించి. మనిషి వెళ్లిపోగానే అది చెరిగిపోవాలి. 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా పరిరక్షణ చట్టం సారం కూడా ఇదే: ఎందుకు తీసుకుంటున్నారో ముందే చెప్పాలి, సమ్మతి తీసుకోవాలి, అవసరం తీరాక తుడిచేయాలి, భద్రంగా ఉంచాలి. ఆ భద్రతలో విఫలమైతే జరిమానా 250 కోట్ల రూపాయల దాకా ఉండొచ్చు. ఇంటి పనికి వచ్చే ఆమె వేలును అడగకుండా మెషీన్ మీద నొక్కించడం సమ్మతి కిందకు రాదు. ముఖం చూసే మెషీన్లలో ఫోన్లోని ఫొటో చూపిస్తే తెరుచుకునేవి కూడా బజారులో ఉన్నాయి. డెమోకు వచ్చినప్పుడు మీ ఫొటో ఒకటి పెట్టి చూడండి, రెండు నిమిషాల పని.

ఇప్పుడు అన్నిటికన్నా ముఖ్యమైన విషయం. ఇంతదాకా చెప్పింది లోపలికి రావడం గురించి. బయటకు పోవడం గురించి ఎవరూ అడగరు.

ఎలక్ట్రానిక్ తాళాలు రెండు స్వభావాలవి. కరెంటు పోతే తెరుచుకునేవి ఒకటి, కరెంటు పోయినా మూసుకునే ఉండేవి రెండోది. మన దగ్గర గాజు తలుపుల పైన పొడుగ్గా కనబడే ఈఎం లాక్ మొదటి రకం. అందులో కదిలే భాగం లేదు. కరెంటు ఉన్నంతసేపు అది అయస్కాంతమై ఎదుటి ఇనుప పలకను పట్టుకుంటుంది. మామూలు సైజు 600 పౌండ్లది, అంటే సుమారు 270 కిలోల బలంతో లాగితేనే విడుస్తుంది. ఆ పలకను వెనక రబ్బరు వాషర్ వేసి కాస్త కదిలేలా బిగించాలి, అప్పుడే అది అయస్కాంతానికి సమంగా అతుక్కుంటుంది. కదలకూడదేమో అనుకుని కుర్రాళ్లు దాన్ని గట్టిగా బిగించేస్తారు, ఒక మూల ఎత్తుగా నిలిచి బలం బాగా పడిపోతుంది. ఒకసారి చేత్తో కదిపి చూడండి. సన్నటి వైరు దూరం లాగినా తాళం దగ్గరకు 12 వోల్టులు చేరవు, పట్టు తగ్గుతుంది. వాళ్లు వెళ్లకముందే మల్టీమీటరు పెట్టించి కొలిపించండి.

కరెంటు పోతే తెరుచుకునే తాళానికి బ్యాటరీ ప్రాణం. లెక్క తేలికే. 600 పౌండ్ల తాళం అర ఆంపియరు దాకా తీసుకుంటుంది, కంట్రోలర్, రీడర్ కలిపితే మొత్తం ముప్పావు ఆంపియరు అనుకోండి. మామూలుగా ఇచ్చే 7 ఆంపియర్ అవర్ బ్యాటరీ కాగితం మీద తొమ్మిది గంటలు రావాలి. కొత్తలో కూడా ఆరేడు గంటలే నమ్మండి, మన ఎండలకు రెండు మూడేళ్లకే అది ఇంకా పడిపోతుంది. పల్లె సబ్‌స్టేషన్ మీద ఆధారపడిన గోదాముకు, గాలివానకు రోజంతా కరెంటు పోయే కోస్తా ఊళ్లకు పెద్ద బ్యాటరీ కావాలి. ఏఎంసీ (ఏడాది నిర్వహణ ఒప్పందం) కాగితంలో ‘బ్యాటరీ మార్పు వేరు’ అని చిన్న అక్షరాల్లో ఉంటుంది, చూసుకోండి.

కరెంటు పోయినా మూసుకునే ఉండే తాళం సర్వర్ గదికి, నగల షాపు స్ట్రాంగ్ రూమ్‌కు సరిపోతుంది. కానీ దానికి లోపలివైపు చేత్తో తిప్పితే తెరుచుకునే హ్యాండిల్ ఉండి తీరాలి, దానికి కరెంటుతో సంబంధం ఉండకూడదు. దేశపు భవన నిర్మాణ నియమావళి, అంటే 2016 నాటి నేషనల్ బిల్డింగ్ కోడ్, బయటపడే తలుపులు లోపలివైపు నుంచి తాళంచెవి లేకుండా తెరుచుకోవాలని చెప్తుంది. ఆ ఒక్క వాక్యం ఎందుకు ఉందో తెలియాలంటే ఢిల్లీలోని ఉపహార్ సినిమా హాలును గుర్తుచేసుకోవాలి. 1997 జూన్ 13న మంటల పొగ బాల్కనీలోకి చేరింది. బయటపడే దారిలో కొంత అదనపు కుర్చీలకు పోయింది, తలుపులకు గడియలు పెట్టి ఉన్నాయి. 59 మంది చనిపోయారు. ఆ తలుపుల మీద ఎలక్ట్రానిక్ తాళాలేమీ లేవు. చేత్తో తీసే గడియలే అంత పని చేస్తే, కంప్యూటర్ ఒప్పుకుంటే తప్ప తెరుచుకోని తలుపు సంగతి చెప్పాలా?

లోపలివైపు ఉండే ఎగ్జిట్ స్విచ్‌ను చూసి ధైర్యపడొద్దు. ఆ బటన్ చాలాచోట్ల కంట్రోలర్‌కు విన్నపం మాత్రమే పంపుతుంది. కంట్రోలర్ హ్యాంగ్ అయితే బటన్‌కు జవాబు రాదు, అయస్కాంతం మాత్రం పట్టుకునే ఉంటుంది. అందుకే తలుపు పక్కన పగలగొట్టి నొక్కే ఆకుపచ్చ ఎమర్జెన్సీ పెట్టె కూడా ఉండాలి. దాని వైరింగ్ కంట్రోలర్ గుండా పోకూడదు, తాళానికి వెళ్లే కరెంటు తీగనే నేరుగా తెంపాలి. ఫైర్ అలారం ప్యానెల్ ఉన్న భవనాల్లో అలారం మోగగానే అదే తీరుగా తాళాల కరెంటు తెగాలి, మధ్యలో ఏ సాఫ్ట్‌వేరూ రాకూడదు. ఇన్‌స్టాలర్‌ను ‘కంట్రోలర్ కాలిపోయిందనుకో, లోపలున్నవాడు ఎలా బయటపడతాడు?’ అని అడగండి. వైరింగ్ బొమ్మ గీసి చూపిస్తే అతనికి పని వచ్చు. ‘అట్లా ఏం కాదు సార్’ అంటే వేరేవాళ్లను చూసుకోండి. రాత్రి కాపలా మనిషిని లోపల ఉంచి షట్టర్‌కు బయట తాళం వేసే దుకాణాల గురించి ఇక్కడ పెద్దగా చెప్పను, ఏ ఎలక్ట్రానిక్స్ కొన్నా ఆ అలవాటును బాగుచేయలేవు, యజమానే మానుకోవాలి.

బయటకు దారి తేలికైతే బయటివాడికి కూడా తేలికవుతుందేమో అన్న అనుమానం న్యాయమైనదే. రెండు గాజు తలుపుల మధ్య వేలెడు సందు ఉండి, ఎగ్జిట్ స్విచ్ దాని పక్కనే ఉంటే, బయట నుంచి సన్నని కర్రతో దాన్ని నొక్కొచ్చు. చెయ్యి ఊపితే తెరుచుకునే సెన్సరు స్విచ్ అయితే ఇంకా సులువు. స్విచ్‌ను తలుపు నుంచి బారెడు దూరం జరపండి, సందుకు రబ్బరు పట్టీ వేయించండి. ఈఎం లాక్ శరీరం కూడా లోపలివైపే ఉండాలి. తలుపు లోపలికి తెరుచుకునేదైతే దానికి జెడ్‌ఎల్ బ్రాకెట్ అనే బిగింపు ఉంటుంది, అది వాడకుండా తాళాన్ని బయటికి తగిలించేవాళ్లను ఒప్పుకోవద్దు.

యంత్రం సరిగ్గా ఉన్నాక మిగిలేది మనుషులు. మన మర్యాదల్లో ఒకటి వెనక వచ్చేవాళ్ల కోసం తలుపు పట్టుకోవడం. చేతిలో కూరగాయల సంచులున్న పెద్దావిడ వస్తుంటే ‘కార్డు చూపించండి’ అని ఎవరంటారు? అనకూడదు కూడా. ఆవిడ వెనక హెల్మెట్ తీయకుండా దూరే కుర్రాడి దగ్గరే చిక్కు. దీనికి పెద్ద ఆఫీసుల్లో టర్న్‌స్టైల్ పెడతారు. లోపలికి చూపిన కార్డు బయటకు చూపేదాకా మళ్లీ లోపలికి పనిచేయకుండా చేసే ఏర్పాటు కూడా ఉంది. అపార్ట్‌మెంట్లో అవి పెడితే మొదటి వారమే గొడవలవుతాయి. అక్కడ పనికొచ్చేది ఒక్కటే, తెలియని మనిషిని ‘ఎవరింటికండీ?’ అని అడగడం. ఆ మాట అడిగే బాధ్యత వాచ్‌మన్‌దే అనుకోవద్దు. కారులో వచ్చిన మనిషిని అతను ఆపితే తిట్లు పడేది అతనికే అని అతనికి బాగా తెలుసు. అందుకే కమిటీ అధ్యక్షుడి చుట్టాన్ని కూడా ఆపమని అందరి ముందు అతనికి చెప్పండి, ఆపినప్పుడు మెచ్చుకోండి.

ఇటుక గురించి కూడా ఒక మాట. సామాన్లు దింపే రోజున తలుపు మూసుకోకుండా ఇటుకో పూలకుండీయో అడ్డం పెడతారు, సాయంత్రానికి తీయడం మర్చిపోతారు. తలుపు సెన్సరు పెట్టించి, నిమిషం దాటి తెరిచి ఉంటే బజర్ మోగేలా చేయండి. ఆ బజర్ విసిగిస్తోందని వైరు పీకేస్తారు. వైరు ఎవరికీ అందని ఎత్తులో ఉండాలి.

ఆఫీసులవాళ్లకు ముఖ్యమైనది పేరు తీసేయడం. ఉద్యోగి చివరి రోజున ల్యాప్‌టాప్ వెనక్కి తీసుకుంటారు, మెయిల్ ఆపుతారు, కార్డు మాత్రం జ్ఞాపకంగా మెడలోనే ఉండిపోతుంది. హెచ్‌ఆర్ వాళ్లు చెప్పారనుకుని అడ్మిన్, అడ్మిన్ చూసుకుంటారనుకుని హెచ్‌ఆర్ ఊరుకుంటారు. తీసేసే పని ఒకే మనిషికి పేరు పెట్టి అప్పగించండి. నెలకోసారి జాబితా ప్రింట్ తీసి ప్రతి పేరు పక్కన టిక్ పెట్టించండి. ముప్పై రోజులుగా ఒక్కసారి కూడా వాడని కార్డులను ఆపేయండి. అవసరమున్నవాళ్లు ఫోన్ చేస్తారు.

సిస్టమ్ పాస్‌వర్డు ఎవరి దగ్గర ఉంది? చాలా భవనాల్లో దానికి జవాబు ‘పెట్టినాయన దగ్గర’ అని వస్తుంది. డబ్బు మీది, తలుపు మీది, పెత్తనం అతనిది. ఫ్యాక్టరీ నుంచి వచ్చిన పాస్‌వర్డును మీరే మార్చి, సీల్ వేసిన కవరులో అసోసియేషన్ లాకర్లో పెట్టండి. జాబితాను నెలకోసారి బ్యాకప్ తీయించి పెన్‌డ్రైవ్‌లో ఉంచండి. తలుపుల కంట్రోలర్‌ను, ఆఫీసు వైఫైని, సీసీ కెమెరాలను ఒకే నెట్‌వర్క్‌లో కలపొద్దు. ఇంటర్నెట్ లేకపోయినా తలుపు పనిచేసేలా జాబితా కంట్రోలర్‌లోనే ఉండాలి. 2021 అక్టోబరు 4న ఫేస్‌బుక్ నెట్‌వర్క్ ప్రపంచమంతటా ఆరు గంటలపాటు పడిపోయినప్పుడు, ఆ కంపెనీ ఉద్యోగుల బ్యాడ్జీలు పనిచేయక భవనాల్లోకి వెళ్లలేకపోయారని వార్తలొచ్చాయి. అంత కంపెనీకే తప్పలేదు. కనీసం ఒక తలుపుకు మామూలు తాళంచెవితో తెరిచే దారి ఉంచుకోండి, ఆ చెవి ఎవరి దగ్గరుందో ఇద్దరికి తెలిసి ఉండాలి.

కంట్రోలర్‌లోని గడియారాన్ని కూడా చూడండి. అది పావుగంట వెనక నడిస్తే దొంగతనం జరిగిన రోజున సీసీ కెమెరా చెప్పే సమయానికీ తలుపు చెప్పే సమయానికీ పొంతన ఉండదు. లాగ్ ఎన్నాళ్లు ఉంచాలో ముందే నిర్ణయించుకోండి, అపార్ట్‌మెంట్‌కు మూడు నెలలు చాలు. ఎవరి కూతురు రాత్రి ఎన్ని గంటలకు వచ్చిందో చూడటానికి ఆ లాగ్ పెట్టలేదు. దాన్ని తెరవాలంటే కమిటీలో ఇద్దరు సంతకం పెట్టాలన్న నియమం మొదటి మీటింగులోనే రాసేయండి. తర్వాత రాద్దామంటే ఎవరో ఒకరు అప్పటికే చూసేసి ఉంటారు.

పని పూర్తయిందని ఇన్‌స్టాలర్ బిల్లు పట్టుకొస్తాడు. పది శాతం ఆపి ఉంచండి. ఒక ఆదివారం పొద్దున అందరికీ చెప్పి మెయిన్ స్విచ్ ఆపేయండి. బ్యాటరీ మీద తలుపు ఎంతసేపు నిలుస్తుందో చూడండి. కరెంటు వచ్చాక కంట్రోలర్ కేబుల్ పీకి, లోపలివైపు నుంచి ఆకుపచ్చ పెట్టె నొక్కండి. ఫైర్ అలారం మోగించండి. ఒక పిల్లాడితో, ఒక ముసలాయనతో తలుపు తీయించండి. ఒక్క తలుపైనా లోపలి నుంచి తెరుచుకోకపోతే ఆ పది శాతం ఇవ్వకండి, ఆ రాత్రి ఆ తలుపుకు తాళం పడనివ్వకండి.